అడ్వైజరీ బోర్డు మా విభాగంలో ఏం మార్చింది: ఒక ఆక్వాకల్చర్ విభాగం కేస్ స్టడీ

కోస్తా ఆంధ్రలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్ (చేపలు, రొయ్యల సాగు) నడిపే విభాగానికి నేను అధిపతిని. మా అడ్వైజరీ బోర్డును (సలహా మండలిని) ఎలా కూర్చుకున్నామో, దానివల్ల ఏం మారిందో, ఏం మారలేదో ఇందులో రాస్తున్నాను. కొత్తగా బాధ్యత తీసుకున్న హెచ్‌ఓడీలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉండగా మళ్లీ ఈ బోర్డు ఎందుకండీ?"

బోర్డ్ ఆఫ్ స్టడీస్ చట్టబద్ధమైనది. సిలబస్ మార్చాలన్నా, కొత్త పేపరు పెట్టాలన్నా అక్కడ ఆమోదం పొంది అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్లాలి. అందులో దాదాపు అందరూ అధ్యాపకులే. అడ్వైజరీ బోర్డుకు ఏ అధికారమూ లేదు. అది చెప్పినదాన్ని విభాగం చేయవచ్చు, చేయకపోవచ్చు. ఈ అధికారం లేకపోవడమే దాని బలమని నా నమ్మకం. డిగ్రీ లేని రైతును కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. ఓటింగ్ ఉండదు కాబట్టి ఎవరూ జట్టు కట్టాల్సిన పని లేదు. తన మాట రేపు రూలు అయిపోతుందన్న భయం లేనివాళ్లు మనసులో మాట చెబుతారు.

మన విశ్వవిద్యాలయాలకు ఈ పద్ధతి కొత్త కాదు. యూజీసీ 1963లో మొదలుపెట్టిన స్పెషల్ అసిస్టెన్స్ ప్రోగ్రాం కింద గుర్తింపు పొందిన విభాగాలకు బయటి నిపుణులతో సలహా కమిటీలు ఉండేవి. కాకపోతే అవి ఎక్కువగా పరిశోధన, దానికొచ్చే నిధుల చుట్టూ తిరిగేవి. ఇప్పుడు కదలిక విద్యాసంస్థలకు నాణ్యత గుర్తింపు ఇచ్చే న్యాక్ వల్ల వస్తోంది. విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగాలిచ్చేవాళ్లు, పూర్వ విద్యార్థుల నుంచి పాఠ్యప్రణాళిక మీద అభిప్రాయాలు తీసుకున్నారా, తీసుకుని ఏం చేశారు అని న్యాక్ అడుగుతుంది. దాంతో చాలాచోట్ల న్యాక్ తనిఖీ బృందం (పీర్ టీమ్) వచ్చే ముందు హడావిడిగా ఒక బోర్డు వేసి, ఒక మీటింగు పెట్టి, మినిట్స్ ఫైల్లో పెట్టేస్తున్నారు. పని మానుకుని వచ్చిన మనిషి ఒక పూట మనకిచ్చాడు. ఆ పూటను సంతకం కోసం మాత్రమే వాడుకోవడం తప్పు. నేను ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

బోర్డు కూర్పు

మా జిల్లాల్లో రొయ్యంటే ఇప్పుడు వన్నామీ రకమే. 1990ల మధ్యలో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య సాగును ఎలా దెబ్బతీసిందో ఇక్కడ ప్రతి ఊరికీ తెలుసు. 2009లో వన్నామీకి వాణిజ్య అనుమతి వచ్చాక సీను మొత్తం మారిపోయింది. దేశంలో సాగు రొయ్యల్లో పెద్ద వాటా మన రాష్ట్రానిదే అయింది. రొయ్య పిల్లలను (సీడ్) పుట్టించే హేచరీలు, మేత కంపెనీలు, ఆ పిల్లల్లో జబ్బు డీఎన్‌ఏ ఉందేమో చూసే పీసీఆర్ ల్యాబులు, ప్రాసెసింగ్ ప్లాంట్లు తీరం పొడవునా వచ్చాయి. మా విద్యార్థులు వెళ్లేది వీటిలోకే.

అందుకే బోర్డును ఈ గొలుసు వెంబడి కూర్చాం. అధ్యక్షులుగా కేంద్ర పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త ఒకరు. హేచరీలో పీసీఆర్ ల్యాబు నడిపే ఆవిడ, మేత కంపెనీ టెక్నికల్ మేనేజర్, ప్రాసెసింగ్ ప్లాంటు క్వాలిటీ మేనేజర్, భీమవరం వైపు చెరువులున్న ఒక రైతు, మత్స్యశాఖ అధికారి, వేరే యూనివర్సిటీ ప్రొఫెసర్, మా దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన ఇద్దరు.

రైతు విషయంలో మా అధ్యాపకుల్లోనే తర్జనభర్జన జరిగింది. ఆయన వస్తే కరెంటు చార్జీలు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) రేట్లు తప్ప ఇంకేమీ మాట్లాడరని కొందరన్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ సీడ్ రిపోర్టు తప్పయితే నష్టపోయేది ఆయనే. ఉద్యోగమిచ్చేవాళ్లతోపాటు, మన విద్యార్థి తప్పు చేస్తే నష్టపోయేవాళ్లు కూడా బోర్డులో ఉండి తీరాలని నేను పట్టుబట్టాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

జెల్ ఫొటో

మొదటి సమావేశానికి మేం సిలబస్ కాపీ పంపలేదు. సిలబస్ పంపితే అందరూ "ఇది చేర్చండి, అది చేర్చండి" అంటారు. చివరికి యాభై టాపిక్కుల జాబితా మిగులుతుంది. దాని బదులు ఒక్క ప్రశ్న పంపాం: "మా దగ్గర నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదటి నెలలో మీ దగ్గర చేయలేకపోయిన పని ఏమిటి? వీలైతే ఆ పనిని వెంట తీసుకురండి."

హేచరీ ల్యాబు మేడం నిజంగానే తీసుకొచ్చారు. ఈహెచ్‌పీ పరీక్ష తాలూకు జెల్ ఫొటో ప్రింటు అది, పీసీఆర్‌లో పెరిగిన డీఎన్‌ఏ అందులో గీతలుగా, అంటే బ్యాండ్లుగా కనిపిస్తుంది. ఈహెచ్‌పీ అంటే రొయ్య హెపటోపాంక్రియాస్‌ను పట్టుకునే సూక్ష్మ పరాన్నజీవి. వైట్ స్పాట్‌లా రొయ్యలను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మేత తింటున్నట్టే ఉంటుంది, కౌంటు మాత్రం దిగదు, ఒకే చెరువులో చిన్నా పెద్దా కలిసిపోయి ఉంటాయి. సోకాక మందు లేదు. అందుకే సీడ్ దశలోనే పీసీఆర్‌లో పట్టుకోవాలి.

ఆవిడ ఫైనలియర్ విద్యార్థులు కొందరిని లోపలికి పిలిపించమన్నారు. ఫొటో వాళ్ల చేతికిచ్చి "చదవండమ్మా" అన్నారు. మొదట కొలతకు వాడే మార్కర్, తర్వాత జబ్బు డీఎన్‌ఏ ఉందని ముందే తెలిసిన పాజిటివ్ కంట్రోల్, దాని పక్కన నెగెటివ్ కంట్రోల్, ఆ తర్వాత శాంపిల్స్ వరస. పిల్లలు బ్యాండ్లు లెక్కపెట్టి, ఫలానా శాంపిల్స్ పాజిటివ్ అన్నారు. పీసీఆర్ సూత్రం అడిగితే డీనేచురేషన్, అనీలింగ్, ఎక్స్‌టెన్షన్, వాటి ఉష్ణోగ్రతలతో సహా తడుముకోకుండా చెప్పారు.

అప్పుడావిడ నెగెటివ్ కంట్రోల్ లేన్ మీద వేలు పెట్టారు. అక్కడ పల్చగా ఒక బ్యాండ్ ఉంది. డీఎన్‌ఏ ఏమీ వేయని గొట్టంలో బ్యాండ్ వచ్చిందంటే ఎక్కడో కలుషితమైంది. ఆ రన్‌లో వచ్చిన ఏ పాజిటివ్‌నూ నమ్మలేం. మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. "మీరిచ్చిన రిపోర్టు మీద నేను ట్యాంకు సీడ్ మొత్తం పారబోయించేదాన్ని" అన్నారావిడ. కోపంగా కాదు, మామూలుగానే. రైతు సభ్యుడు వెంటనే, "అదే తిరగబడి నెగెటివ్ అని తప్పుగా వస్తే నేను చెరువులో పోసేసుకునేవాణ్నండీ" అన్నారు.

ఆ రోజు ఆ గదిలో ఉన్న అధ్యాపకులెవరికీ ఇంకో వివరణ అవసరం లేకపోయింది. పీసీఆర్ మా సిలబస్‌లో ఉంది. ప్రాక్టికల్స్‌లో ఉంది. రికార్డులో ఉంది. కానీ రికార్డు కోసం చేసే ప్రాక్టికల్‌లో ఫలితం ఎప్పుడూ చక్కగానే వస్తుంది. చెడిపోయిన జెల్‌ను పిల్లలు ఎప్పుడూ చూడలేదు. చెడిపోతే దాన్ని పక్కన పడేసి మంచిది అతికిస్తాం కదా.

దీంతో సిలబస్‌లో ఒక్క మాటా మార్చలేదు, పరీక్ష మార్చాం. ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి విద్యార్థికీ ఒక జెల్ ఫొటో ఇస్తాం. కొన్ని మంచివి, కొన్ని చెడినవి. రిపోర్టు రాయాలి, లేదా "ఈ రన్ చెల్లదు, కారణం ఇది" అని రాయాలి. చెడిన జెల్ ఫొటోలు హేచరీ ల్యాబు నుంచే వస్తున్నాయి, పేర్లు తీసేసి. ఇలాగే విబ్రియో అనే బ్యాక్టీరియా కోసం వేసే టీసీబీఎస్ ప్లేట్లు కూడా. పసుపు కాలనీలు, పచ్చ కాలనీలు లెక్కపెట్టడంతో ఆపకుండా, ఈ ప్లేటు మీద కాలనీలు లెక్కకు అందనంత దట్టంగా ఉన్నాయి, ఇంకా పలచన చేసి మళ్లీ వేయాలి అని చెప్పగలగాలి.

మెషిన్ కంటే ముందు గోడ

ఆ సమావేశంలోనే మేం బోర్డు ముందు పెట్టిన ఇంకో విషయం రియల్ టైమ్ పీసీఆర్ మెషిన్. దానికి ప్రతిపాదన తయారైంది, బోర్డు మద్దతుంటే నిధులకు బలం వస్తుందని మా ఆశ. అధ్యక్షులు ల్యాబు చూద్దామన్నారు. అందరం వెళ్లాం.

ఒకటే గది. ఒక బల్ల మీద మాస్టర్ మిక్స్ (పీసీఆర్‌కు వాడే రసాయనాల మిశ్రమం) కలుపుతారు, అదే బల్ల రెండో చివర జెల్ లోడ్ చేస్తారు. పిపెట్లు రెండింటికీ అవే. పీసీఆర్ పూర్తయ్యాక తెరిచిన గొట్టంలో అదే డీఎన్‌ఏ ముక్క కోట్ల ప్రతుల్లో ఉంటుంది. దానిలో కంటికి కనిపించనంత తుంపర గాల్లోకి లేచి తర్వాతి మాస్టర్ మిక్స్‌లో పడితే చాలు, నెగెటివ్ కంట్రోల్‌లో బ్యాండ్ వచ్చేస్తుంది. ఈహెచ్‌పీ, వైట్ స్పాట్‌లకు వాడే నెస్టెడ్ పీసీఆర్‌లో మొదటి రౌండు గొట్టం తెరిచి రెండో రౌండుకు తీయాలి కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

బోర్డు సలహా: మెషిన్ తర్వాత, ముందు గదికి అడ్డుగోడ కట్టండి. మిక్స్ కలిపే చోటు వేరు, శాంపిల్ నుంచి డీఎన్‌ఏ తీసే చోటు వేరు, జెల్ నడిపే చోటు వేరు. పిపెట్లు, కోట్లు, చెత్తబుట్టలు వేరు వేరు. జెల్ గదిలోంచి ఏదీ వెనక్కి రాకూడదు. మెషిన్ ధరతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ.

కొందరు అధ్యాపకులు నిరుత్సాహపడ్డారు. మెషిన్ వస్తే పరిశోధన పత్రాలు వస్తాయి, గోడ కడితే ఏం వస్తుంది అన్నది వాళ్ల బాధ. కానీ మురికి గదిలో మంచి మెషిన్ పెడితే అది తప్పును ఇంకా సున్నితంగా పట్టుకుని చూపిస్తుంది, అంతే. గోడ కోసం విభాగం తరఫున అంతకుముందు రాసిన ఉత్తరాలు ఇంజినీరింగ్ సెల్‌లో ఆగిపోయి ఉన్నాయి. ఈసారి బోర్డు అధ్యక్షుల సంతకంతో, పరిశ్రమ సభ్యుల పేర్లతో వైస్‌ఛాన్సలర్‌కు వెళ్లింది. పని జరిగింది. లోపలివాళ్లం ఎంత అరిచినా వినపడనిది బయటివాళ్లు ఒక్కసారి చెబితే వినపడుతుంది. అడ్వైజరీ బోర్డు చేసే పనుల్లో దీన్ని తక్కువగా చూడొద్దు.

డిసెంబరులో చెరువులు

మా దగ్గర క్షేత్ర శిక్షణ సెమిస్టర్ సెలవుల్లో, డిసెంబరులో ఉండేది. ఎప్పటినుంచో అంతే. తేదీలు చూసిన రైతు సభ్యుడు, "మేడం గారూ, డిసెంబరులో మా చెరువుల్లో ఏం చూస్తారండీ? ఎండిన మట్టి తప్ప ఏముంటుందండీ?" అన్నారు.

నిజమే. మా ప్రాంతంలో వేసవి పంటకు ఫిబ్రవరి, మార్చిలో సీడ్ వేస్తారు. నాలుగు నెలలు అటూ ఇటూగా పట్టుబడి. చలికాలంలో వైట్ స్పాట్ భయం వల్ల చాలామంది చెరువులు ఖాళీ చేసి ఎండగడతారు, సున్నం చల్లుతారు. మా పిల్లలు ఏటా వెళ్లి చూస్తున్నది ఆ ఖాళీ చెరువులనే. మేత వేయడం, మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే చూడటం, కుబుసం విడిచే రోజుల్లో రొయ్య ఎలా ఉంటుందో గమనించడం, ఇవేవీ వాళ్ల కంట పడలేదు.

సెమిస్టర్ క్యాలెండర్ మార్చడం మా చేతిలో లేదు. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టును మాత్రం మార్చగలిగాం. దాన్ని సీడ్ వేసే రోజుతో మొదలుపెట్టి ఒకే చెరువును పంట ముగిసేదాకా వెంటాడేలా మలిచాం. బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాన్ని ఆమోదించింది. అయితే డిసెంబరు యాత్రను పూర్తిగా ఎత్తేయలేదు. చెరువు తయారీ కూడా నేర్చుకోవాల్సిందే. ఈహెచ్‌పీ వచ్చిన చెరువులో నీరు కలపని కాల్చిన సున్నం (క్విక్‌లైమ్) ఎంత వేయాలి, అడుగు మట్టి పీహెచ్ 12 దాకా ఎందుకు లేపాలి అన్నది ఎండిన చెరువులోనే అర్థమవుతుంది. ఇప్పుడు ఆ యాత్రకు ఆ పని పెట్టాం.

ఒప్పుకోని సలహాలు

బోర్డు చెప్పిందల్లా చేస్తే అది సలహా కాదు, ఆదేశం అవుతుంది. రెండు విషయాల్లో మేం కాదన్నాం.

అకశేరుక జంతుశాస్త్రం, క్రస్టేషియన్ ఫిజియాలజీ పేపర్లు తగ్గించి చెరువు నిర్వహణ పెంచమని పరిశ్రమ సభ్యులు గట్టిగా అడిగారు. వాళ్లకు రేపు ఉదయం చెరువు మీదకు పంపగల మనిషి కావాలి. మేం వాళ్ల ముందు భీమవరం చుట్టుపక్కల పరిస్థితినే ఉదాహరణగా పెట్టాం. సముద్రానికి దూరంగా, ఉప్పదనం బాగా తక్కువున్న నీళ్లలో వన్నామీ పెంచుతున్నారు. అక్కడ రొయ్య బతకడం ఉప్పు శాతం మీద కంటే నీళ్లలోని అయాన్ల మీద ఆధారపడుతుంది. సముద్రపు నీటిలో సోడియం, పొటాషియం నిష్పత్తి సుమారు 28:1. బోరు నీళ్లలో పొటాషియం బాగా తక్కువుంటే రొయ్య తన ఒంట్లో ఉప్పు సమతూకం నిలుపుకోలేదు. కుబుసం విడిచే వేళ బిగుసుకుపోతుంది, చచ్చిపోతుంది. దీన్ని ఆస్మోరెగ్యులేషన్ చదివినవాడు ఊహించగలడు. మినరల్ బస్తాల మీద రాసింది మాత్రమే చదివినవాడు ఊహించలేడు. టైగర్ నుంచి వన్నామీకి మారినప్పుడు కూడా, టైగర్ సాగును వంటల పుస్తకంలా బట్టీ పట్టినవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. వన్నామీ కూడా శాశ్వతం కాదు. విశ్వవిద్యాలయం పని రేపటి ఉదయం వరకే కాదని మా వాదన. వేరే యూనివర్సిటీ ప్రొఫెసర్ మాకు మద్దతిచ్చారు. చివరికి పేపర్లు అలాగే ఉన్నాయి, అందులోని ఉదాహరణలు మాత్రం చెరువు నుంచి తీసుకుంటున్నాం.

రెండోది ఇంకాస్త సున్నితమైనది. మేత కంపెనీ ఒక పేపరును తాము స్పాన్సర్ చేస్తామంది. పాఠాలు తమ టెక్నీషియన్లు చెబుతారు, మెటీరియల్ తమదే, కొందరికి ఉద్యోగాలూ ఇస్తారు. డబ్బుకు కటకటలాడే విభాగానికి ఇది ఆశ పుట్టించే ప్రతిపాదనే. రైతు సభ్యుడు నిదానంగా చెప్పారు: చెరువు గట్టు మీదకు వచ్చే టెక్నీషియన్ ఎవరి జీతం తీసుకుంటున్నాడో వాళ్ల సరుకే రాస్తాడు, మీ దగ్గర చదివినవాడైనా "ఇది అక్కర్లేదు" అని చెప్పగలగాలి. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే అయినచోట ఆ మాట విలువ చాలా పెద్దది.

మేం ఇలా తేల్చాం. కంపెనీ మనుషులు అతిథి ఉపన్యాసాలు ఇవ్వవచ్చు. ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎంత మేత పట్టిందన్న) లెక్కలు, చెక్ ట్రే రికార్డులు నిజమైన చెరువుల డేటాతో చెప్పవచ్చు. బ్రాండు పేరు తరగతిలో ఉండదు. సిలబస్ రాసేది, ప్రశ్నపత్రం వేసేది అధ్యాపకులే. ఇంకా ఒక నియమం రాసుకున్నాం: ఏ విషయంలోనైనా సభ్యుడికి వ్యాపార ప్రయోజనం ఉంటే ముందే చెప్పాలి, ఆ అంశం తేల్చేటప్పుడు బయట కూర్చోవాలి. మేత కంపెనీ మేనేజర్ దీనికి నొచ్చుకోలేదు. తర్వాతి సమావేశానికి ఆయన తెచ్చిన డేటా అందరికంటే బాగుంది.

ప్రాసెసింగ్ ప్లాంటు మేనేజర్ అడిగింది చిన్నదే, వెంటనే చేశాం. యాంటీబయోటిక్ అవశేషాల గురించి పిల్లలకు పేర్లు తెలుసు, అంకెలు తెలియవు. యూరప్ 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్‌కు చర్యా పరిమితిని (దాటితే సరుకు మీద చర్య తీసుకునే హద్దును) కిలోకు 0.3 మైక్రోగ్రాముల నుంచి 0.15కు తగ్గించింది. ఆ అంకె ఎంత చిన్నదో లెక్క కట్టించడం, పట్టుబడికి ముందు చేసే పరీక్ష రిపోర్టు చదివించడం ఇప్పుడు ప్రాక్టికల్‌లో భాగం.

నడిపే పద్ధతి

ప్రతి సమావేశంలో మొదటి అంశం కిందటిసారి సలహాల సంగతే. ప్రతిదానికీ మూడు జవాబుల్లో ఒకటి రాస్తాం: చేశాం, చేస్తున్నాం, చేయం. "చేయం" అన్నచోట కారణం తప్పనిసరి. "పరిశీలనలో ఉంది" అనే మాటను మినిట్స్‌లోంచి తీసేశాం. సభ్యులు మళ్లీ రావడానికి టీఏ కంటే ఈ పట్టికే ఎక్కువ పనిచేసిందని వాళ్లే చెప్పారు. మినిట్స్ విభాగం నోటీసు బోర్డు మీద కూడా పెడతాం, విద్యార్థులు చదువుతారు.

హెచ్‌ఓడీ బోర్డుకు అధ్యక్షత వహించకూడదని నా అభిప్రాయం. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు అది సరే. ఇక్కడ నేను కుర్చీలో కూర్చుంటే సభ్యులు నా మొహం చూసి మాట్లాడతారు. రిటైరైన శాస్త్రవేత్త అధ్యక్షులైతే నేను జవాబు చెప్పే స్థానంలో ఉంటాను.

మిగిలిపోయినవి

ఖాళీ పోస్టుల విషయంలో బోర్డు ఏమీ చేయలేకపోయింది. అది దాని పరిధి కాదు. హేచరీ ల్యాబు మేడంను యూజీసీ 2022లో తెచ్చిన, వృత్తి అనుభవమున్నవాళ్లను అధ్యాపకులుగా తీసుకునే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ విధానం కింద తీసుకుందామని సిఫారసు చేశారు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

మరొకటి నన్ను బాగా ఇబ్బంది పెడుతోంది. చెరువులో కరిగిన ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున, నాలుగు, అయిదు గంటల మధ్య. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని వేయాలి, మేత ఆపాలా అని నిర్ణయించేది ఆ రీడింగును బట్టే. మా తరగతిలో ఎక్కువ మంది అమ్మాయిలు. హాస్టల్ గేటు ఆ వేళకు తెరవరు. దాంతో ప్రాజెక్టులో అబ్బాయిలు తెల్లవారుజాము రీడింగులు తీస్తారు, అమ్మాయిలు తొమ్మిది గంటల రీడింగులు తీస్తారు. ఒకే డిగ్రీ, రెండు రకాల చదువు. పూర్వ విద్యార్థిని అయిన సభ్యురాలు దీన్ని బోర్డు ముందు పెట్టారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో "రాత్రి డ్యూటీ చేశారా?" అని అడిగితే తనకు జవాబు లేకపోయిందని చెప్పారు.

హేచరీ క్వార్టర్స్‌లో ఒక మహిళా అధ్యాపకురాలి తోడుతో బ్యాచ్‌లుగా వారం చొప్పున ఉంచవచ్చని ఒక ప్రతిపాదన. మత్స్యశాఖ వారి కేంద్రంలో వసతి అడగవచ్చని ఇంకొకటి. రైతు సభ్యుడు తన చెరువు గట్టు మీద షెడ్డు, మరుగుదొడ్డి బాగు చేయిస్తానన్నారు. తల్లిదండ్రుల అనుమతి, రవాణా, వార్డెన్ ఒప్పుదల, బాధ్యత ఎవరిదన్నది రాతపూర్వకంగా తేలాలి. వచ్చే సమావేశం ఎజెండాలో కిందటి సలహాల పట్టిక తర్వాత మొదటి అంశం ఇదే. ఈసారి హాస్టల్ చీఫ్ వార్డెన్‌ను కూడా పిలుస్తున్నాం.